తప్పు కొలతలు

తాతయ్య కుట్లు ఊడదీస్తాడు. అందుకు కత్తెర అక్కర్లేదు, బ్లేడూ అక్కర్లేదు. బొటనవేలి గోటితో ఒక దారాన్ని లేపుతాడు. నాలుగు కుట్లు వదిలి ఇంకో దారాన్ని లేపుతాడు. తర్వాత గుడ్డని రెండు పక్కలా పట్టుకుని మెల్లగా లాగుతాడు. చొక్కా పక్కకుట్టు పైనుంచి కింది దాకా విడిపోతుంది. గుడ్డ మాత్రం ఎక్కడా చిరగదు. ఊడిన దారాన్ని చూపుడు వేలికి చుట్టి, ఉండ చేసి, జేబులో వేసుకుంటాడు.

మా ఇంటి ముందుగది టైలరు షాపు. తాతయ్య పెట్టిందే. ఆయన అమ్మకి నాన్న. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని మాస్టారి కొట్టు అనే అంటారు. అమ్మ ఆయన దగ్గరే పని నేర్చుకుంది, ఆయన చూపు తగ్గాక ఆయన మిషన్ మీద తనే కూర్చుంది. ఇప్పుడు తాతయ్య కిటికీ పక్కన చేతుల కుర్చీలో ఉంటాడు. నా పేరు గుర్తుండదు, తిన్నదీ తిననిదీ గుర్తుండదు. వేళ్ళు మాత్రం ఏమీ మర్చిపోలేదు.

పట్నంలో ఉండే పిన్ని ఫోన్ చేసి, ఈ జబ్బున్నవాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇవ్వాలంది. అమ్మ ఒక సంచీ నిండా పాత బట్టలు తెచ్చి ఆయన ముందు పెట్టింది, ఊడదీసుకోమని. తాతయ్య ఒకటి తీసి, కాలరు లోపల చూసి, పక్కన పెట్టేశాడు. ఇవి అరిగిపోయినవి, గిరాకీలు ఇచ్చిన బట్టలు ఎక్కడున్నాయని అడిగాడు.

షాపులో అమ్మ కాక గుండీలత్త ఉంటుంది. కాజాలు, గుండీలు, చేతికుట్టు ఆమె పని. ఆమె మాకు చుట్టం కాదు. నేను పుట్టకముందు నుంచీ ఆ చాప మీదే కూర్చుంటోంది కాబట్టి అత్త. నాకు నోట్లో నాలుక లేదని అందరికీ చెప్పేది ఆమే. స్కూల్లో టీచరు హాజరు పిలిస్తే కూడా నా గొంతు ముందు బెంచీ దాకా వెళ్ళేది కాదు. అది నిజమే కాబట్టి నేనేమీ అనను. నాన్న లారీ మీద ఉంటాడు. వచ్చినప్పుడు రెండు రోజులు నిద్రపోయి వెళ్తాడు.

కుట్లు ఒక్కటే అయితే సర్దుకునేవాళ్ళమేమో. అమ్మ పెద్ద కత్తెర దాచేసింది, ఎక్కడ చెయ్యి కోసుకుంటాడోనని. తాతయ్య రోజంతా కత్తెర వెతుకుతాడు. దొరకదు. అప్పుడు అమ్మని చూపించి, వచ్చిన గిరాకీలకి చెబుతాడు, ఈవిడ దొంగది, నా కొట్లో చేరి నా సామానంతా పట్టుకుపోతోందని. కొత్తవాళ్ళు అమ్మ వైపు చూస్తారు. అమ్మ వాళ్ళ భుజాలు కొలుస్తూ ఉంటుంది.

పొద్దు వాలితే ఇంటికి వెళ్తానంటాడు. ఇదే నీ ఇల్లు నాన్నా అంటుంది అమ్మ. కాదంటాడు. అవునంటుంది. గోడ మీద అమ్మమ్మ ఫోటో చూపిస్తుంది, నేలమీద ఆయనే వేయించిన గచ్చు చూపిస్తుంది. ఎంత చూపిస్తే ఆయన గొంతు అంత పెరుగుతుంది.

అమ్మ తప్పుని తప్పుగా వదిలెయ్యలేదు. పావు అంగుళం తేడా వస్తే చొక్కా మొత్తం విప్పి మళ్ళీ కుడుతుంది. ఆ పట్టుదల ఆయన నేర్పిందే. అందుకే ఆయన మంగళవారం అంటే ఈవిడ గురువారం అంటుంది, ఆయన తినలేదంటే తిన్న పళ్ళెం తెచ్చి చూపిస్తుంది. ఆయన మాటల్లో వంకర కుట్టు కనిపిస్తే చాలు, అక్కడే సరిచెయ్యాలి. గుండీలత్త ఒకసారి ఉండబట్టలేక అంది, "నువ్వు సరిచెయ్యడానికి ఆయనేమన్నా భుజం తప్పిన చొక్కానా?" అని. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంది.

స్కూలు యూనిఫాం చొక్కాలు కుట్టడం అయిపోయి, గుండీలకి వెళ్ళాల్సిన రోజున, అమ్మ దారం కొనడానికి వెళ్ళింది. గుండీలత్త భోజనానికి వెళ్ళింది. నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. అమ్మ తిరిగి వచ్చేసరికి చొక్కాలన్నీ ముక్కలై ఉన్నాయి. చిందరవందరగా ఏం లేవు. ముందు భాగాలు ఒక దొంతర, వెనక భాగాలు ఒక దొంతర, చేతులు ఒక దొంతర, చక్కగా అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. తాతయ్య కుర్చీలో కునుకు తీస్తున్నాడు. జేబు దారంతో ఉబ్బి ఉంది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తిట్టలేదు. చెప్పులు విప్పి, కూర్చుని, మొదటి చొక్కా నుంచి మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే నాతో చెప్పింది. నాకు పట్నంలో కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్లో చేరాలి. అమ్మ మిషన్ ఆపకుండానే మాట్లాడింది.

"నువ్వు వెళ్ళిపోతే నేనొక్కదాన్నీ మిషన్ చూడనా, ఆయన్ని చూడనా. నువ్వు ఉండిపోతే నీ చదువు పోతుంది. ఆయన్నే పంపిద్దాం."

పిన్ని ముసలివాళ్ళ హోమ్ ఒకటి చూసి పెట్టింది. మంచాలు శుభ్రంగా ఉంటాయట, నర్సులుంటారట, తోట ఉందట. తలుపులకి మాత్రం తాళాలు వేస్తారట. నేను అమ్మ కుట్టిన కాలర్లు తిరగేసి, పుల్లతో మూలలు బయటికి తోస్తున్నాను. సరే అన్నాను. ఏదో ఒకటి అనిపించాలి కదా అని చూసుకున్నాను. ఏమీ అనిపించలేదు. ఇంకో కాలరు తీసుకున్నాను.

పిన్ని ఆదివారం కారు మాట్లాడుకుని వస్తానంది. ఆ లోపల ఆయనకి స్నానం చేయించి, ఉతికిన బట్టలు వెయ్యాలి. అది చెప్పినంత తేలిక కాదు. తాతయ్య ఒంటి మీద చొక్కా తియ్యనివ్వడు. తన చొక్కాలు ఎవరో ఎత్తుకుపోతారని, ఒకదాని మీద ఒకటి మూడు వేసుకుని ఉంటాడు. వాసన వస్తోంది. గిరాకీలు గుమ్మం దగ్గరే నిలబడి కొలతలిచ్చి వెళ్ళిపోతున్నారు.

శుక్రవారం ఉదయం అమ్మ నీళ్ళు వేడి చేసి, గుండీలు విప్పబోయింది. స్నానం చేసి ఎన్ని రోజులైందో తెలుసా అంటూ విప్పబోయింది. తాతయ్య నిన్ననే చేశానన్నాడు. చెయ్యలేదు అంది. ఆయన మోచెయ్యి విసిరాడు. అది అమ్మ పెదవి మీద తగిలింది. అమ్మ చెయ్యి పైకి లేచింది. తాతయ్య తల పక్కకి వంచి, కళ్ళు మూసుకున్నాడు, దెబ్బ తినబోయే పిల్లవాడిలాగా. అమ్మ ఆ చేతిని అలాగే కాసేపు ఉంచి, తర్వాత నీళ్ళ బకెట్లో ముంచింది. ముంచి తీసి, పైటతో తుడుచుకుని, వెళ్ళి మిషన్ దగ్గర కూర్చుంది. వేడినీళ్ళు చల్లారిపోయాయి. నేను వాటిని మొక్కలకి పోశాను.

మధ్యాహ్నానికి అమ్మ పెదవి వాచింది. ఒకావిడ తన కూతురికి ఫ్రాకు కుట్టించడానికి వచ్చింది. అమ్మ ఆ పెదవితో బయటికి రావడం ఇష్టం లేక, కొలతలు నన్ను తీసుకోమని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు కుట్టుపని రాదు. అమ్మ నేర్పలేదు, చదువుకో అంది. టేపు తీసి ఆ పాప ఛాతీ చుట్టూ వేశాను. చూసి, అరవై రెండు అన్నాను. పాప వాళ్ళమ్మ నవ్వింది. టేపుకి ఒక పక్క అంగుళాలుంటాయి, ఇంకో పక్క సెంటీమీటర్లుంటాయి. నేను సెంటీమీటర్ల వైపు చదివానని నాకు తర్వాత తెలిసింది.

"తప్పు" అన్నాడు తాతయ్య.

ఆ గొంతు నేను చాలా రోజులుగా వినలేదు. అరుపు కాదు. మామూలుగా అన్నాడు. నన్ను రమ్మని వేలు ఊపాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడి, నా మీద చూడు అని రెండు చేతులూ పక్కలకి చాపాడు. నేను టేపు వేశాను. టేపు కింద రెండు వేళ్ళు పెట్టమన్నాడు, లేకపోతే కొలిపించుకున్నవాడు తిన్నాక గుండీలు తెగుతాయన్నాడు. పెట్టాను. కంగారులో మళ్ళీ అదే వైపు చదివాను.

"తొంభై అయిదు."

"తొంభై అయిదా? మనిషికి కుడుతున్నావా, ఏనుక్కా?"

పాప పెద్దగా నవ్వింది. తాతయ్య కూడా నవ్వాడు. కొత్తమ్మాయి, నెమ్మదిగా నేర్చుకుంటుంది లెండి అని ఆవిడకి చెప్పాడు. తర్వాత తన ఒంటివైపు చూసుకుని, మొహం చిట్లించాడు. చొక్కా మీద చొక్కా ఉంటే కొలత ఎలా వస్తుందని నన్నే తిట్టి, తనే గుండీలు విప్పుకున్నాడు. ఒకటి తీసి నా చేతికిచ్చాడు. రెండోదీ ఇచ్చాడు. మూడోదీ.

నేను చొక్కాలు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ, పాపకి కొలతలు తీసేవాళ్ళు ఎవరూ లేరా అని అడిగింది.

శనివారం పొద్దున్న నేనే టేపు పట్టుకుని వెళ్ళాను. మాస్టారూ అని పిలిచాను. ఛాతీ అని మెడ కొలిచాను, పొడవు అని చెయ్యి కొలిచాను. ఒక్కో తప్పుకీ ఆయన నాలుకతో టక్‌మనిపించి, సరిచేసి, తర్వాతి దానికి తనే తిరిగి నిలబడ్డాడు. చెమటకి టేపు అంటుకుపోతోంది మాస్టారూ, కొంచెం తుడవనా అన్నాను. తుడువు అన్నాడు, చెమట పట్టిన ఒంటి మీద కొలిస్తే అర అంగుళం తేడా వస్తుందన్నాడు. గోరువెచ్చటి నీళ్ళల్లో తువ్వాలు ముంచి వీపు తుడిచాను, చంకలు తుడిచాను. వీపు మీద చర్మం పలచగా, తడిసిన కాగితంలా ఉంది. నాకు జాలి వెయ్యలేదు, అసహ్యమూ వెయ్యలేదు. తువ్వాలు పిండాను, మళ్ళీ ముంచాను.

అమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది.

మధ్యాహ్నం తాతయ్య ప్యాంటు తడిసి మార్చాల్సి వచ్చింది. ఈసారి అమ్మ టేపు మెడలో వేసుకుని తనే వెళ్ళింది. అమ్మ కొలిస్తే చూడాలి. టేపు గాలిలోంచి వచ్చి ఒంటి మీద వాలినట్టు ఉంటుంది. ఛాతీ ముప్పై ఏడున్నర, నడుము ముప్పై మూడు, గడగడా చెప్పేసింది. అన్నీ సరైనవే. తాతయ్యకి చెయ్యడానికేమీ మిగల్లేదు. ఆయన టేపు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, టేపుని గుప్పిట్లో పట్టుకున్నాడు. నా టేపు కూడా పట్టుకుపోతోందే ఈ దొంగది అన్నాడు. నేను నీ కూతుర్ని నాన్నా అంది అమ్మ. నాకు నీలాంటి కూతురు లేదన్నాడు. టేపు కోసం ఇద్దరూ రెండు వైపులా లాగారు. చివరికి అమ్మ వదిలేసింది.

ఆ ప్యాంటు నేనే మార్చాను, మూడు తప్పులు చెప్పి.

అమ్మ మళ్ళీ మిషన్ దగ్గర కూర్చుంది కానీ తొక్కలేదు. నా వైపు చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది. మనసులో మాట దాచుకోవడం గుండీలత్తకి రాదు. అయితే ఈ పిల్ల ఇంట్లో ఉంటే ఆయనకి ఏ హోమూ అక్కర్లేదన్నమాటేగా అంది.

"నోరు మూసుకుని గుండీలు కుట్టు" అంది అమ్మ.

ఎవరూ నన్ను ఉండమని అడగలేదు. అమ్మ అడగదు కూడా. కానీ ఇంట్లో ఒకరికి ఒక పని చేతనైందని తెలిశాక, ఆ పని ఇంకెవరిదో ఎలా అవుతుంది? నేను కాలరు మూలలు తిప్పుతున్నాను. పుల్ల ఒక చోట గుడ్డలోంచి బయటికి పొడుచుకొచ్చింది. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. తప్పు చూసి ఊరుకోవడం అమ్మ ఎప్పుడూ చెయ్యని పని.

అప్పుడు నేను మాట్లాడాను. గొంతు ఎంత వచ్చిందో తెలియదు, అమ్మకి మాత్రం వినిపించింది.

"అమ్మా, నువ్వు సరిగ్గా చెప్పావు."

"సరిగ్గా చెప్పక?"

"నేను తప్పు చెప్పాను. అందుకే ఆయన ఊరుకున్నాడు."

"పెళ్ళి కాకముందు నుంచీ కొలుస్తున్నాను" అంది. "ముప్పై ఏడున్నరని తొంభై అయిదు అనమంటావా, అదీ ఆయన ముందు?"

ఒకసారి మాట్లాడడమే నాకు ఎక్కువ. అమ్మ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. చీకటి పడి దీపం వేసేదాకా తొక్కింది.

ఆదివారం పిన్ని వచ్చింది. కారు వీధిలో ఆగింది, డ్రైవరు దిగకుండా పేపరు చదువుకుంటున్నాడు. తాతయ్య బట్టలు పెట్టిన పెట్టె గుమ్మం పక్కనుంది. మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పెట్టే. పిన్ని లోపలికొస్తూనే ఏడ్చింది. నాన్నా అని ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. తాతయ్య మర్యాదగా సర్దుకుని, ఏం కుట్టించుకోవాలండీ అని అడిగాడు. పిన్ని ఇంకా ఏడ్చింది. ఈ రద్దీలో ఇవాళ ఇవ్వలేను, వారం పడుతుంది, దానికి ఏడుపెందుకండీ అన్నాడు. గుండీలత్త మొహం పక్కకి తిప్పుకుంది, నవ్వు ఆపుకోలేక.

అప్పటికే ఆయన కుర్చీ కింద తడి కనిపించింది. అలా కారెక్కించడం కుదరదు. డ్రైవరు ఒప్పుకోడు, అక్కడ వాళ్ళూ ఒప్పుకోరు. నేను లేవబోయాను.

"కూర్చో" అంది అమ్మ.

టేపు తీసుకుంది. తాతయ్య ఎదురుగా నిలబడింది. నాన్నా అనలేదు.

"మాస్టారూ, కొలత తీసుకోవాలి."

ఆయన అనుమానంగా చూశాడు, కానీ చేతులు చాపాడు. అమ్మ టేపుని ఛాతీ చుట్టూ వేసింది. వెయ్యడం కూడా వంకరగా వేసింది, వెనకవైపు జారిపోయేలా. తర్వాత ఆగింది. పిన్ని ముక్కు తుడుచుకోవడం వినిపిస్తోంది. అమ్మ నోరు తెరిచి మూసింది. ముల్లు తీసేటప్పుడు అమ్మ మొహం అలా ఉంటుంది.

"నలభై ఆరు."

"ఎంతా?"

"నలభై ఆరు, మాస్టారూ."

తాతయ్య తల వంచి టేపు చూసుకున్నాడు. నాలుకతో టక్‌మనిపించాడు.

"ఎవరు నేర్పారే నీకు?"

"మా నాన్న."

"అయితే ఆయనకీ రాదన్నమాట."

అమ్మ తలూపింది. "రాదండి" అంది.

పర్లేదులే, చేతిలో ఒడుపుంది, నేర్చుకుంటే వస్తుందన్నాడు తాతయ్య. టేపు వెనక ఎలా పట్టుకోవాలో అమ్మ వేళ్ళు పట్టుకుని చూపించాడు. తర్వాత, తడిబట్టల మీద కొలతేమిటని విసుక్కుని, తనే చొక్కా గుండీలు విప్పుకుంటూ, అమ్మ వెనకాలే స్నానాల గదిలోకి నడిచాడు. అమ్మ తలుపు వేసింది. నీళ్ళు పోస్తున్న చప్పుడు మధ్యలో అమ్మ గొంతు వినిపించింది, నడుము యాభై, పొడవు ఇరవై. ప్రతిదానికీ తాతయ్య గొంతు వెనకాలే వచ్చింది, సరిదిద్దుతూ. ఆ రెండు గొంతుల్లో ఏదీ పెరగలేదు.

పిన్ని నా దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది, అక్కకేమైంది, అన్నీ తప్పులు చెబుతోందేమిటని. మీ అక్క ఇవాళే పనిలో చేరింది అంది గుండీలత్త.

అమ్మ బయటికొచ్చేసరికి రెండు చేతులూ మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, తల తుడిచింది. ఆయన ఊరుకున్నాడు. అమ్మ పిన్నితో కారు పంపించెయ్యమంది.

పిన్ని ముందు నమ్మలేదు. హోమ్‌లో మంచం మాట్లాడి పెట్టానంది. మరి ఈ పిల్ల హాస్టల్ సంగతేమిటంది. వెళ్తుంది అంది అమ్మ. అయితే నువ్వొక్కదానివే ఎలాగక్కా అంది పిన్ని.

"ఒక్కదాన్నే అని ఎవరన్నారు? శనాదివారాలు నువ్వొస్తావు. కారెందుకు, బస్సులో రా, రాత్రికి ఉండేట్టు."

తనకి ఉద్యోగం ఉందని, పిల్లలున్నారని పిన్ని చెప్పింది. అమ్మ వింది. కాదనలేదు, అవుననలేదు. తువ్వాలు ఆరేసి వచ్చి, మళ్ళీ అక్కడే నిలబడింది. పిన్ని చివరికి, నాకు కొలతలు తియ్యడం అసలే రాదు కదక్కా అంది.

"ఇక్కడ రాకపోవడమే కావాలి" అంది గుండీలత్త, దారం కొరుకుతూ.

పిన్ని కారు దగ్గరికి వెళ్ళింది. డ్రైవరుతో చాలాసేపు మాట్లాడింది. కిటికీలోంచి ఆమె చేతులూపడం మాత్రమే కనిపిస్తోంది. తర్వాత కారు ఖాళీగా వెళ్ళిపోయింది. పిన్ని లోపలికొచ్చి చెప్పులు విప్పింది. ఈ ఒక్క రాత్రికే అంది. అమ్మ ఆమెకి చాప చూపించింది.

ఇది ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు. సాయంత్రం ఇంటికి వెళ్తానని తాతయ్య మళ్ళీ లేచాడు. ఈ చొక్కా అయ్యాక వెళ్దురుగాని మాస్టారూ అంది అమ్మ. ఆయన కూర్చున్నాడు. కాసేపటికి ఆ చొక్కా చెయ్యే ఊడదీశాడు. అమ్మ దాన్ని తీసుకుని మళ్ళీ మిషన్ కింద పెట్టింది.

పెట్టెలోంచి ఆయన బట్టలు తీసేసి నావి సర్దుకోమంది నాతో. తీశాను. ఆయనవి అలమారలో పెట్టాను. నా బట్టలు మడిచి పెట్టెలో పెట్టాను, పుస్తకాలు అడుగున, బట్టలు పైన. మూత వేసి, దాని మీద చేతులు పెట్టి కాసేపు కూర్చున్నాను, ఇప్పుడైనా ఏదైనా అనిపిస్తుందేమోనని. ముందుగదిలోంచి గుండీలత్త పిలిచింది, కళ్ళు కనిపించడం లేదు, సూదిలో దారం ఎక్కించి పెట్టమని. లేచి వెళ్ళాను.